మూడు పద్దులు, ఒక్క జిరా

సాఫ్ట్‌వేర్ టీముల్లో పని లెక్క ఎంత పెట్టాలి, మనిషిని ఎంత వదిలేయాలి? ఇరవై ఏళ్ల కిందట హైదరాబాద్‌లోనే ఒక చిన్న టీమ్ దీనికి జవాబు కనిపెట్టింది.

శుక్రవారం సాయంత్రం 5 దాటిందంటే మాదాపూర్‌లో ప్రతి ఇంజినీరూ కథారచయితే. టీమ్స్‌లో మెసేజ్ పడుతుంది: 'టైమ్‌షీట్ నింపనివాళ్లు వెంటనే నింపండి, 6కి లాక్ అయిపోతుంది.' సోమవారం ఏం చేశామో గుర్తుండదు. క్యాలెండర్ తెరిచి, పాత చాట్‌లు పైకి జరిపి, కోడ్ ఏ రోజు ఎక్కించామో చూసుకుని, పోయిన వారాన్ని మళ్లీ అల్లుకొస్తాం. మంగళవారం మూడు గంటలు పక్క టీమ్ కుర్రాడి పక్కన కూర్చుని వాడి బిల్డ్ ఎందుకు పడిపోతోందో చూసిపెట్టాం. దానికి షీట్‌లో గడి లేదు. బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకి మొదలైన ఆన్‌సైట్ కాల్ 11 దాకా సాగింది. రోజుకు 8 మించి వేస్తే గడి ఎర్రబడుతుంది. గురువారమంతా ఒక తప్పు ఎక్కడుందో వెతకడంతోనే పోయింది, దొరకనూ లేదు. దొరకనిదాన్ని ఏ పేరు మీద వేయాలి? ఎలాగో కూడికలు సర్దితే మొత్తం సరిగ్గా 40 అవుతుంది.

పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లో ఇదే పని చేస్తున్నాను. కచ్చితంగా 40 గంటలు పనిచేసిన వారం ఒక్కటీ గుర్తు లేదు. ఒక వారం 31 ఉంటుంది, రిలీజ్ ముందు వారం 58 ఉంటుంది. షీట్‌లో మాత్రం ఎప్పుడూ 40.

ఈ కథను ఎవరు నమ్ముతారని కాదు. మేనేజర్ నమ్మడు, అయిదూ ముప్పావుకి ఆయనా తన కథ రాసుకుంటూ ఉంటాడు. అయినా ఆ 40 పోయి క్లయింట్ బిల్లులో కూర్చుంటుంది, డెలివరీ హెడ్ చార్టులో యుటిలైజేషన్ అవుతుంది, ఏడాది చివర అప్రైజల్ మీటింగ్‌లో ఎవరో దాన్ని తిరగేస్తారు. అందరికీ అబద్ధమని తెలిసిన అంకె మీద ముగ్గురు నిజమైన నిర్ణయాలు తీసుకుంటారు.

క్యాంటీన్‌లో ఈ మాట ఎత్తితే రెండు పక్షాలు తేలతాయి. 'మేం పిల్లలం కాదు, పని చెప్పి వదిలేయండి' అనేది ఒకటి. 'వదిలేస్తే ఏమవుతుందో నేను చూశాను' అనేది రెండోది. రెండోది అనేవాళ్లలో చాలామంది అయిదేళ్ల కిందట మొదటిది అన్నవాళ్లే. ఇద్దరితోనూ నాకు పేచీ లేదు. లెక్క ఎంత ఉండాలన్న దగ్గరే ఇద్దరూ ఆగిపోతారు. ఆ లెక్క ఎవరి కోసం పెడుతున్నామన్నది మాత్రం ఎవరూ అడగరు.

గట్టు మీద ఆసామి

మా ఊరు కాలువ కింద పల్లె. అక్కడ నాట్లు రెండు రకాలుగా వేయిస్తారు, రోజు కూలికి గాని గుత్తకు గాని. రోజు కూలికైతే ఆసామి గొడుగేసుకుని గట్టు మీద నిలబడాలి. ఆయన ఉన్నంతసేపు చేతులు ఆడతాయి, టీకి వెళ్లాడంటే కబుర్లు మొదలవుతాయి. గుత్తకిస్తే గట్టు మీద ఎవరూ అక్కర్లేదు. ముఠా తెల్లారకుండానే చేలో దిగుతుంది. ఎవరు నారు పంచాలో, ఎవరు ముందు వరసలో ఉండాలో వాళ్లే చూసుకుంటారు. పొద్దు నడినెత్తికి రాకముందే ఎకరం ముగించి ఇంకో చేనికి పోతారు. అయితే కుదుళ్లు పలచబడతాయి, కాలిబాటలు వదలరు. ఆ సంగతి ఆ రోజు తెలియదు. దోమపోటు వచ్చి చేను సుడులు సుడులుగా ఎండిపోయినప్పుడు తెలుస్తుంది.

మా పెదనాన్న గుత్తకే ఇచ్చేవాడు, ఇచ్చేముందే రెండు మాటలు చెప్పేవాడు. ప్రతి రెండు మీటర్లకూ జానెడు కాలిబాట తీయాలి, తూర్పు పడమరలుగా. కుదురుకూ కుదురుకూ మధ్య ఇంతకు మించి ఖాళీ ఉండకూడదు. మధ్యలో ఒకసారి వచ్చి పంచె పైకి కట్టి తనే చేలో దిగేవాడు. ఎవరు ఎన్నిసార్లు నడుం ఎత్తారో ఎన్నడూ లెక్కపెట్టిన పాపాన పోలేదు. చూసిందల్లా చేనే.

ఇది చెప్పగానే మేనేజర్‌గా ఉన్న నా స్నేహితుడొకడు అడ్డు తగిలాడు. 'నీకేం బాబూ, ఎకరం ఎంతో మీ పెదనాన్నకు ముందే తెలుసు. నా చేను నాటుతుంటే పెరుగుతుంది.' నిజమే. సాఫ్ట్‌వేర్‌లో సగం పని, పని ఎంతో తెలుసుకోవడమే. బయటివాడికి ఆ సగం ఖాళీగా కూర్చున్నట్టే కనిపిస్తుంది. అందుకే ఇక్కడ గట్టు మీద నిలబడాలన్న తహతహ వరి చేలో కంటే ఎక్కువ, నిలబడి చూడగలిగేది తక్కువ.

గట్టు మీద నిలబడే విద్యకు శాస్త్రం పేరు పెట్టినవాడు ఫ్రెడరిక్ టేలర్. 'శాస్త్రీయ నిర్వహణ' మీద ఆయన పుస్తకం వచ్చింది 1911లో. అదే ఏడాది ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో, స్టాప్‌వాచీ పట్టుకున్న మనిషి పక్కన నిలబడేసరికి పోతపనివాళ్లు పని ఆపి బయటికి వచ్చేశారు. ఆ గొడవ అమెరికన్ కాంగ్రెస్ విచారణ దాకా వెళ్లింది. తర్వాత కొన్నేళ్లకు ప్రభుత్వ ఆయుధశాలల్లో స్టాప్‌వాచీ పెట్టడానికి నిధులు వాడకూడదని చట్టంలోనే రాశారు.

స్టాప్‌వాచీ పోయినా దాని పిల్లలు పోలేదు. 1982లో యాపిల్‌లో లీసా కంప్యూటర్ తయారవుతున్నప్పుడు ప్రతి ఇంజినీరూ వారానికి ఎన్ని వరసల కోడ్ రాశాడో ఒక ఫారంలో నింపాలని పెట్టారు. బిల్ అట్కిన్సన్ అప్పుడు తెర మీద బొమ్మలు గీసే క్విక్‌డ్రాలో ఒక భాగాన్ని మొదటినుంచి తిరగరాశాడు. అది దాదాపు ఆరు రెట్లు వేగంగా నడిచింది, కోడ్ మాత్రం 2000 వరసలు తగ్గింది. ఫారం చేతికొచ్చింది. వరసల సంఖ్య దగ్గర మైనస్ 2000 అని వేశాడు. కొన్ని వారాలకు ఆయన్ని ఫారం అడగడం మానేశారు. ఈ సంగతి రాసిపెట్టింది ఆయన సహోద్యోగి ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్. మన ఆఫీసుల్లో దీన్ని చెప్పి నవ్వుకోనివాళ్లు లేరు. నవ్వుకుని వెళ్లి, పని ఎంత పెద్దదో అంచనా వేసే స్టోరీ పాయింట్లు నింపుతారు.

హైదరాబాద్‌లో ఆరుగురు

కాన్‌బాన్ అన్న మాట ఇప్పుడు ప్రతి టీమ్‌కీ నోట్లో నానుతోంది. జపనీస్‌లో దానికి సూచిక పలక అని అర్థం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టయోటా కర్మాగారాల్లో తైయిచి ఓనో దాన్ని వాడుకలోకి తెచ్చాడు. ముందున్నవాడికి భాగాలు అయిపోతే వెనకవాడికి చీటీ వెళుతుంది, చీటీ వస్తేనే వెనకవాడు తయారుచేస్తాడు. ఇంతవరకు ట్రైనింగుల్లో చెబుతారు. అలాంటి ట్రైనింగులు మూడింటిలో కూర్చున్నాను. ఆ పద్ధతి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన తొలి కథలో ఇంజినీర్లు కూర్చున్నది హైదరాబాద్‌లోనని ఒక్క ట్రైనరూ చెప్పలేదు.

అది 2004. మైక్రోసాఫ్ట్ సొంత ఐటీ విభాగంలో ఎక్స్ఐటీ సస్టెయినింగ్ ఇంజినీరింగ్ అని ఒక చిన్న టీమ్ ఉండేది. కంపెనీ ఉద్యోగులు వాడుకునే దాదాపు 80 అప్లికేషన్లకు చిన్నచిన్న మార్పులు, రిపేర్లు చేయడం వాళ్ల పని. అజమాయిషీ అంతా రెడ్మండ్ నుంచి. చేసేవాళ్లు ఒక సర్వీసు కంపెనీ తరఫున హైదరాబాద్‌లో. ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు టెస్టర్లు, వాళ్లకొక స్థానిక మేనేజర్. పద్ధతులకు లోటేమీ లేదు, నాణ్యతలో పై స్థాయి సర్టిఫికెట్లున్న కంపెనీ అది. అయినా మైక్రోసాఫ్ట్ ఐటీ విభాగంలోని టీముల్లో ఎక్కువ తిట్లు తింటున్నది ఈ టీమే. ఒక చిన్న మార్పు అడిగితే చేతికి రావడానికి సుమారు అయిదు నెలలు. వెనక వరసలో 80కి పైగా పనులు, నెలనెలా ఇంకా పెరుగుతూ.

ఈ టీమ్ బాధ్యత తీసుకున్న ప్రోగ్రామ్ మేనేజర్ పేరు డ్రాగోస్ డుమిత్రియు. ఆయన అదే కంపెనీలో పనిచేస్తున్న డేవిడ్ ఆండర్సన్ సాయం అడిగాడు. ఇద్దరూ కూర్చుని పని ఎలా పారుతోందో కాగితం మీద గీశారు. గీసేసరికి జబ్బు బయటపడింది.

ఏ కోరిక వచ్చినా 48 గంటల్లో ఎస్టిమేట్ ఇవ్వాలని నియమం. ఎస్టిమేట్ అంటే ఒక డెవలపర్, ఒక టెస్టర్ చేతిలో పని పక్కన పెట్టి, ఆ అప్లికేషన్ కోడ్ తెరిచి, ఏం మార్చాలో చూసి, ఎన్ని గంటలో రాసి పంపడం. ఇద్దరికీ చెరో రోజు అయ్యేది. ఈ లెక్కలు వేయడానికే టీమ్ శక్తిలో మూడో వంతు పోతోంది. అంత కష్టపడి లెక్క వేసిన కోరికల్లో దాదాపు సగం ఎన్నటికీ చేయనే చేయరు. ఖర్చెక్కువని కొన్ని, అవసరం తీరిపోయి కొన్ని రాలిపోతాయి. పైగా కొత్త కోరిక వచ్చిన ప్రతిసారీ ఉన్న పనుల వరస మారుతుంది, పాత తేదీలు జరుగుతాయి. ఎంత ఎక్కువ లెక్క అడిగితే అంత ఆలస్యం, ఎంత ఆలస్యమైతే అంత ఎక్కువ లెక్క.

ఎస్టిమేట్లు ఆపేశారు. ఆండర్సన్ చేయించిన మార్పుల్లో పెద్దది ఇదే. సరాసరి పని ఎంతో పాత రికార్డుల్లో ఉంది, మరీ పెద్దదైతే పక్కకు తీద్దాం అనుకున్నారు. రెండోది, చేతిలో పట్టుకునే పనులకు హద్దు పెట్టారు. డెవలపర్ ఒకటి ముగిస్తేనే ఇంకొకటి తీసుకుంటాడు, పైనుంచి ఎవరూ నెత్తిన పడేయరు. మూడోది, వ్యాపార విభాగాల ప్రతినిధులు వారానికోసారి మాట్లాడుకుని, ఖాళీ అయిన చోట్లలో ఏవి పెట్టాలో మాత్రం తేలుస్తారు. వరసలో ఉన్నవాటి గురించి ఎవరూ ఏమీ అడగకూడదు. బదులుగా టీమ్ ఒక మాట ఇచ్చింది, పని మొదలుపెట్టిన తర్వాత 25 రోజుల్లో చేతికిస్తామని. ఇంజినీర్లు కోడ్ రాసే పద్ధతిని గాని పరీక్షించే పద్ధతిని గాని ముట్టుకోలేదు.

తర్వాత ఒక టెస్టర్ కుర్చీని డెవలపర్‌కు మార్చారు, ఇంకొన్నాళ్లకు ఇద్దరిని చేర్చారు. ఏడాది తిరిగేసరికి వెనక వరస ఖాళీ అయింది. అయిదు నెలల పని సగటున 14 రోజుల్లో చేతికి రావడం మొదలైంది. ఆండర్సన్, డుమిత్రియు ఇద్దరూ ఈ అనుభవాన్ని 2005లో పత్రంగా రాశారు. 2010లో ఆండర్సన్ రాసిన 'కాన్‌బాన్' పుస్తకంలోనూ ఇది ముందే వస్తుంది.

నన్ను ఈ కథలో పట్టుకున్నది వేగం కాదు. ఇక్కడ లెక్క తగ్గలేదు, నిజానికి పెరిగింది. ఏ పని ఎక్కడుందో, ఎన్ని రోజులుగా ఉందో మునుపటి కంటే స్పష్టంగా కనిపించింది. తగ్గింది మనిషిని అడిగే ప్రశ్నలు. 'నీకు ఎంతసేపు పడుతుంది, నువ్వెందుకు ఆలస్యం చేశావు' అన్న రెండు ప్రశ్నలూ పోయాయి. సముద్రాల అవతల ఉన్న మేనేజర్‌కు నమ్మకం దొరికింది, ఇక్కడున్న ఆరుగురికి ఊపిరి దొరికింది. రెండూ ఒకే పద్ధతితో.

ఒకే పుస్తకంలో మూడు లెక్కలు

ఇప్పుడు మన టీముల్లో పని కార్డులు పెట్టుకునే బోర్డుల సంగతి. ఆ బోర్డులకు మనం వాడే జిరాను 2002లో తెచ్చినవాళ్లు సిడ్నీ కుర్రాళ్లు ఇద్దరు, మైక్ కానన్-బ్రూక్స్, స్కాట్ ఫార్‌క్వార్. అంతకుముందు వాళ్లు తప్పులు రాసుకోవడానికి బగ్‌జిల్లా వాడేవాళ్లు. దాన్ని సరదాగా గొజిరా అని పిలిచేవాళ్లు, జపాన్‌వాళ్లు గాడ్జిల్లాను పిలిచే పేరు అదే. అందులోంచి ముందక్షరం తీసేస్తే జిరా. పేరులోనే రాక్షసుడున్నాడని మావాళ్లు జోకులేస్తారు కానీ పాపం, పుట్టినప్పుడు అది తప్పుల చిట్టా. ఏది విరిగింది, ఎవరు చూస్తున్నారు, అయిందా లేదా. అంతే.

మన దగ్గరికి వచ్చేసరికి ఆ చిట్టా మీద మూడు బరువులు పడ్డాయి. మన ఐటీలో పెద్ద భాగం గంటలు అమ్మి బతుకుతుంది. క్లయింట్‌కు పంపే బిల్లులో గంటే సరుకు. కాబట్టి ఒక్కో పనికి తెరిచే టికెట్‌కు ఇన్ని గంటలని రాయాలి. ఇది మొదటి పద్దు. పని ఎక్కడుందో టీమ్‌కు తెలియాలి, అది రెండోది. ఏడాది చివర ఎవరికి ఏ రేటింగ్ ఇవ్వాలో తేల్చాలి, 'నీ పేరు మీద టికెట్లు 43, ఆయన పేరు మీద 61' అని చూపించాలి. ఇది మూడోది.

పాత కరణాలు ఈ పొరపాటు చేయలేదు. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో అడంగల్‌లో రాసేవారు, తెలంగాణలో అయితే పహాణీలో. ఎవరు ఎంత శిస్తు కట్టాలన్న లెక్కకు వేరే పుస్తకం. ఎందుకో మనకు అర్థం కావడం కష్టమేమీ కాదు. పంట రాసే పుస్తకంలోనే పన్ను రాస్తున్నారని తెలిస్తే ఏ రైతు చేలో అయినా పంట తగ్గిపోతుంది.

మన బోర్డుల మీద జరుగుతున్నది ఇదే. టికెట్ల సంఖ్య రేటింగ్‌కు ఎక్కిందనగానే ఒక పని నాలుగు టికెట్లుగా చీలుతుంది. కష్టమైనది ఎవరూ ముట్టరు, బటన్ రంగు మార్చేది ముగ్గురు పోటీపడి తీసుకుంటారు. స్టోరీ పాయింట్లు పెరగాలంటే పోయినసారి 3 అన్న పనిని ఈసారి 5 అంటే సరి, టీమ్ వేగంగా చూపించే వెలాసిటీ దూసుకుపోతుంది. ఆ పాయింట్లు కనిపెట్టింది బహుశా తానేనని, అదే నిజమైతే ఇప్పుడు విచారిస్తున్నానని రాన్ జెఫ్రీస్ 2019లో రాశాడు. 2001లో యూటాలోని స్నోబర్డ్‌లో ఎజైల్ ప్రకటన మీద సంతకం చేసిన 17 మందిలో ఆయనొకడు. కొలత గురి అయిపోతే కొలతగా చెడిపోతుందన్న సంగతి ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరు మీద చలామణి అవుతోంది. ఆయన 1975లో అన్నది ద్రవ్య విధానం గురించి. మాదాపూర్‌లో అది తెలుసుకోవడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు.

రోజూ పొద్దున జరిగే స్టాండప్ చూడండి. స్క్రమ్ పద్ధతిలో దానికి 15 నిమిషాలు. టీమ్ తనలో తాను మాట్లాడుకుని ఆ రోజు పని సర్దుకోవడానికి పెట్టింది. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, నాకేం అడ్డం ఉంది అని మూడు ప్రశ్నలుండేవి. స్క్రమ్ గైడ్ 2020 ప్రతిలో ఆ మూడు ప్రశ్నలూ తీసేశారు. మన దగ్గర తీసినట్టు నేను చూడలేదు. అందరూ లీడ్ మొహం చూస్తూ హాజరు చెప్పినట్టు చెబుతారు.

ఆ మధ్య ఒక టీమ్ స్టాండప్‌లో కూర్చున్నాను. ఒక అమ్మాయి వంతు వచ్చింది. ముందురోజు రాత్రి దాకా సర్వర్ మెమరీ ఎందుకు నిండిపోతోందో వెతికిందని అప్పటికే నాకు తెలుసు.

'నిన్న పెద్దగా అప్‌డేట్ ఏం లేదు' అంది.

'మరి టికెట్ ఇన్ ప్రోగ్రెస్‌లోనే ఉంది కదమ్మా, నాలుగు రోజులైంది. ఈటీఏ ఎంత?'

'రేపటికి అయిపోతుందన్నా.'

బయటికి వచ్చాక అడిగాను, రేపటికి నిజంగా అవుతుందా అని. 'ఏమో తెలీదన్నా. తెలీదంటే ఇంకో అరగంట కాల్ పెడతాడు. రేపు అంటే రేపటిదాకా అడగడు.' నాలుగు రోజుల్లో ఆ అమ్మాయి మూడు అనుమానాలు కొట్టిపారేసింది, తప్పు ఫలానా లైబ్రరీలోనే ఉందని దాదాపు తేల్చింది. టీమ్‌కు కావలసిన వార్త అది. బోర్డు మీద దానికి గడి లేదు, మీటింగ్‌లో దాన్ని చెప్పే ధైర్యం లేదు.

ఆ లీడ్ చెడ్డవాడేం కాదు. మధ్యాహ్నం తన పైవాళ్ల కాల్‌లో ఆయన్నీ ఇలాగే అడుగుతారు.

రైలెక్కిపోయిన పని

ఇదంతా విని బోర్డు తీసి అవతల పారేద్దాం అనేవాళ్లకు నా దగ్గర ఇంకో కథ ఉంది.

చాలా ఏళ్ల కిందట నేను చేరిన ఒక కంపెనీలో, పేరెందుకు లెండి, టికెట్ల గొడవే లేదు. సీనియర్లను ఎవరూ అడిగేవాళ్లు కాదు. వాళ్లలో ఒకాయన మహా పనిమంతుడు, అందరం 'అన్నా' అని చుట్టూ తిరిగేవాళ్లం. రాత్రిపూట డబ్బుల లెక్కలు సరిచూసే ప్రోగ్రామ్ పూర్తిగా ఆయనదే. తండ్రికి ఒంట్లో బాగాలేదని హఠాత్తుగా ఊరికి బయల్దేరాడు. మూడో రాత్రి ఆ ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయింది. ఆరుగురం తెల్లవార్లూ కూర్చున్నాం. ఆయన పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కు సగం మార్చి పెట్టాడని, మిగతా సగం తిరిగొచ్చాక చేద్దామనుకున్నాడని మాకు తెలిసింది మరునాడు మధ్యాహ్నం, ఆసుపత్రి వరండాలోంచి ఆయనే ఫోన్ చేసి చెబితే. పనంతా ఆయన తలలో ఉంది, ఆయనతోపాటే రైలెక్కింది. అలాంటి చోట ఆయన్ని విసిగించాల్సి వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఒక కార్డు మీద 'సగం మారింది' అని రెండు మాటలుంటే ఆ ఫోన్ అక్కర్లేదు.

ఇంకో నష్టం నెమ్మదిగా తెలుస్తుంది. లెక్క లేని చోట గొంతున్నవాడి పనే పని. కొత్తగా చేరినవాళ్లకు చూపించడం, ఊరికే పడిపోయే టెస్టులను బాగుచేయడం, రాత్రి అలారం మోగితే లేవడం, మీటింగ్‌లో ఏమనుకున్నామో రాసి పంపడం ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. నేను చూసినంతలో ఎక్కువగా ఆడపిల్లలు, నోరులేనివాళ్లు. స్వేచ్ఛ పేరుతో బోర్డు తీసేస్తే ముందు మాయమయ్యేది వాళ్ల పనే. రేటింగ్ రోజున కొత్త ఫీచర్ చేసినవాడి డెమో అందరికీ గుర్తుంటుంది.

మేనేజర్ల గోడు కూడా వినాలి. పదిహేనేళ్లుగా టీములు నడిపిస్తున్న ఒకావిడ నాతో అన్న మాట ఇది: 'మీరు మమ్మల్ని గట్టు మీద ఆసామి అంటారు. మేం ఆసాములం కాదండీ, మేం కూడా కూలికే వచ్చాం. రాత్రి పదింటికి క్లయింట్ అడుగుతాడు, రిలీజ్ 20వ తేదీకి అవుతుందా అని. నాకు తెలీదు అంటే నా కాంట్రాక్టు పోతుంది. మా పిల్లలు నిజం చెబితే నేనూ నిజం చెబుతాను. వాళ్లు రేపు అంటే నేను 20 అంటాను.' అబద్ధం కింద నుంచి పైకి మెట్లెక్కుతుందన్నమాట. పైవాళ్లు అడిగే తీరు వల్లే అది కింద పుడుతుంది కూడా.

పేరు తీసేస్తే

2020 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల 'ప్రొడక్టివిటీ స్కోర్' మీద పెద్ద దుమారం లేచింది. ఏ ఉద్యోగి ఎన్ని మెయిళ్లు పంపాడో, ఎన్ని రోజులు చాట్ వాడాడో మేనేజర్లు పేరుతో సహా చూసే వీలు అందులో ఉందని. అందరూ ఇళ్లనుంచి పనిచేస్తున్న కాలం అది. డిసెంబర్ మొదట్లోనే కంపెనీ పేర్లు తీసేసింది, సంస్థ మొత్తానికి కలిపి మాత్రమే చూపిస్తామంది. అంతకు పదహారేళ్ల ముందు వాళ్ల సొంత టీమ్ ఒకటి హైదరాబాద్‌లో నేర్పిన పాఠం అదే కదా అనిపించింది నాకు.

పేరు తీసేయడం అంటే బాధ్యత తీసేయడం కాదు. కోకాపేటలో ఒక టీమ్ చేస్తున్న తీరు చూశాను. వాళ్ల కార్డు మీద చేస్తున్నవాళ్ల పేరు ఉంటుంది, ఎవరిని అడగాలో తెలియాలి కాబట్టి. పేరు మీద కూడిక మాత్రం ఎక్కడా లేదు, ఆ రిపోర్టే మూసేశారు. కార్డుకు గంటలు లేవు, మొదలైన తేదీ ఉంది. బిల్లుకు కావలసిన గంటలు టీమ్ మొత్తానికి కలిపి లీడ్ వేరే షీట్‌లో వేస్తాడు, క్లయింట్‌తో ముందే అలా మాట్లాడుకున్నారు. రేటింగ్‌కు టికెట్లు చూడరు. ఏడాదికి రెండుసార్లు ఒక్కొక్కరితో గంట కూర్చుని, చేసిన రెండు మూడు పనులు తెరిచి చూసి మాట్లాడతారు. మూడు పద్దులకూ మూడు పుస్తకాలు.

ఎంత పట్టేదీ తెలియని పనికి వాళ్ల దగ్గర పసుపు కార్డు. దాని మీద పని రాయరు, ఒక ప్రశ్న రాస్తారు: 'మెమరీ ఎక్కడ పోతోంది?' దానికి మూడు రోజులు. మూడో రోజున దొరికినా దొరక్కపోయినా ఏం తెలిసిందో అందరికీ చెప్పాలి. 'ఇది కాదని తేలింది' అన్నది కూడా జవాబే. అమెరికాలో బేస్‌క్యాంప్ తయారుచేసే కంపెనీవాళ్లు దీన్నే ఇంకోలా చేస్తారు. రయన్ సింగర్ 2019లో రాసిన 'షేప్ అప్'లో పని ఒక కొండ. ఎక్కుతున్నంతసేపు ఏం చేయాలో తెలియదు, దిగుతున్నప్పుడు తెలుసు. ఎంత శాతం అయిందని అడగరు, కొండకు ఏ వైపు ఉన్నావని అడుగుతారు. నిజం చెప్పడానికి భయం వేయని ప్రశ్న అది.

తేదీ అడిగే క్లయింట్‌కూ కోకాపేట టీమ్ దగ్గర జవాబుంది. ఇంజినీర్‌ను ఎస్టిమేట్ అడగరు. పాత కార్డులు తీస్తారు, ఇలాంటివి పదింటిలో తొమ్మిది ఎన్ని రోజుల్లో అయ్యాయో చూసి అదే చెబుతారు. ఎవరి మీదా ఒట్టు వేయించుకోని తేదీ.

ఇది అందరికీ కుదురుతుందని నేను అనను. గంటకింతని మనిషిమనిషికీ బిల్లు కట్టే ఒప్పందాలున్న చోట మొదటి పద్దును విడదీయడం మన చేతుల్లో లేదు. మూడోదాన్ని విడదీయడం మాత్రం ఏ కంపెనీకైనా చేతనయ్యేదే, చేయకపోవడం బద్ధకం. ఇప్పుడు ఏఐ చేతికొచ్చాక వరసల లెక్క మళ్లీ బతికొచ్చింది. ఎవరు ఎంత కోడ్ పుట్టించారో చూపే డాష్‌బోర్డులను గర్వంగా తెర మీద వేస్తున్నారు. 1982లో అట్కిన్సన్ వేసిన మైనస్‌కు ఆ డాష్‌బోర్డుల్లో ఎక్కడైనా చోటుందా అని వెతుకుతుంటాను.

సోమవారం రానే వస్తుంది. టీమ్ నడిపేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక్క చిన్న పని చేసి చూడండి. స్టాండప్‌లో మనుషుల వరసన అడగకండి. బోర్డు కుడి చివర, డన్‌కు దగ్గరగా ఉన్న కార్డుతో మొదలుపెట్టండి. 'దీన్ని దాటించడానికి ఏం కావాలి?' అని మొత్తం టీమ్‌ను అడగండి. అక్కణ్నుంచి ఎడమకు రండి. ఎవరైనా 'తెలీదు' అంటే వెంటనే కాల్ పెట్టకండి, ఇప్పటిదాకా ఏం తెలిసిందో చెప్పనివ్వండి.

శుక్రవారం టైమ్‌షీట్ మాత్రం 6కే లాక్ అవుతుంది. మరిచిపోకండి.